ఆఖరిదాకా చూసిన సినిమా

"తింటావా, తినవా? ఒక్క మాట చెప్పు. ఎంతసేపని నిలబడల్ల నేను?"

తిప్పమ్మ పళ్లెం పట్టుకుని మొగుడి ఎదుట నిలబడి ఉంది. రాగిముద్ద ఆరిపోయి పైన పొర కట్టింది. పక్కనున్న ఉలవచారు చల్లారి చిక్కబడింది.

వెంకటేశప్ప వసారా గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆయన నోట్లోకి మంచినీళ్లు తప్ప ఏమీ పోలేదు. కోపంగా ఉన్న మనిషిలా లేడు. తిప్పమ్మకు అదే భయం. కోపమైతే ఆమెకు అలవాటే. కాసేపు అరుస్తాడు, తర్వాత తనే పళ్లెం అడుగుతాడు. ఇప్పుడు అరవడం లేదు.

"ఈ రాగులు యాడివి?" అని అడిగాడు మెల్లగా.

"యాడివేంది? హొసకోట అంగడివి."

"ఆ అంగడోనికి యాడివి?"

ఒకప్పుడైతే ఈ ప్రశ్నే ఉండేది కాదు. చేను వాళ్లది, రాగులు వాళ్లవి. ఇప్పుడా చేను సోలార్‌కు లీజుకు పోయింది. అక్కడ నీలం పలకలు ఎండ తాగుతూ పడుకుని ఉన్నాయి. లీజు డబ్బు వస్తుంది, రాగులు అంగడి నుంచి వస్తాయి.

"నాకేం తెల్సు? యాడనో పండినాయి. రాగులు రాగులే గదా!"

"కాదు. ఆ సినిమాలో చెప్పినారు. మీ పళ్లెంలో ఉండేది యాడిదో మీకే తెలీకపోతే, అది మీ తిండి కాదు, ఇంకెవరిదో యాపారం అని."

మళ్లీ ఆ సినిమా! తిప్పమ్మ పళ్లెం తీసుకెళ్లి అరుగు మీద ఠక్కున పెట్టింది.

ఆ సినిమా ఇంట్లోకి వచ్చి వారమైంది. తుమకూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న కూతురు శిల్పశ్రీ పంపింది. నాయనకు షుగరు ఉంది, అయినా రోజూ సాయంత్రం అన్న హనుమేశ్ తిండి బండి దగ్గర కూర్చుని గోబీ మంచూరియా, నూడుల్స్ తింటున్నాడు. మాట వినడు, కనీసం సినిమా చూసైనా తగ్గిస్తాడేమోనని ఆ పిల్ల ఆశ. డాక్యుమెంటరీ అంది. వెంకటేశప్పకు ఆ మాట నోరు తిరగలేదు, సినిమా అనేశాడు.

తిప్పమ్మ కూడా ఆయన పక్కన కూర్చుని కొంత చూసింది. ఏదో తెల్లవాళ్ల దేశం. కన్నడంలో ఎవరో బరువైన గొంతుతో చెబుతూ పోయారు. అంకెలు చాలా చెప్పారు, ఒక్కటీ ఆమెకు గుర్తులేదు. గుర్తున్నది ఒక తల్లి. బాగా లావైన కొడుకు కడుపు మీద సూది గుచ్చుతూ, వాడు ఏడవకుండా ఏదో పాట పాడుతూ ఉంది. అది చూడలేక తిప్పమ్మ గొర్రెలకు నీళ్లు పెట్టే నెపంతో లేచిపోయింది. వెంకటేశప్ప లేవలేదు.

మర్నాటి నుంచి కాఫీలో చక్కెర మానేశాడు. గోబీ మానేశాడు. తిప్పమ్మ సంతోషపడింది, వెంటనే ఆమెకు ఒళ్లు మండింది కూడా. ఎన్నేళ్లుగా తను చెప్పింది! ఆస్పత్రి డాక్టరమ్మ ఎన్నిసార్లు తిట్టింది! ఎవరి మాటా ఎక్కని చెవికి, ఊరూ పేరూ తెలియని ఒక గొంతు ఒక్క పూటలో ఎక్కిందా?

ఆ తర్వాత బిస్కెట్లు మానేశాడు. తర్వాత అంగడి నూనెతో చేసిన కూర. నిన్నటికి అన్నమే మానేశాడు. నిన్న సాయంత్రం చేసిన పనైతే మరీ ఘోరం. సోలార్ గేటు దగ్గర కొడుకు హనుమేశ్ పెట్టుకున్న బండి కాడికి పోయాడు. పలకలు కడిగే కూలీలు, సెక్యూరిటీవాళ్లు ప్లేట్లు పట్టుకుని తింటుంటే, ఫోను చేత్తో ఎత్తి పట్టుకుని ఒక్కొక్కరికీ ఆ సినిమా చూపించాడు. సెక్యూరిటీ ఓబన్న సగం ప్లేటు కింద పెట్టేసి వెళ్లిపోయాడు. హనుమేశ్ ఒక్క మాట అనకుండా స్టవ్వు ఆర్పి, బండి తోసుకుంటూ ఇంటికి వచ్చేశాడు.

ఆ బండి ఇప్పుడు వాకిట్లో పట్ట కప్పుకుని నిలబడి ఉంది.

"తినకపోతే వదిలేయ్‌మా," అంటూ హనుమేశ్ లోపలి నుంచి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాయినా, నిన్నొకటి అడుగుతా. ఆ సినిమాలో గోబీ యాడన్నా ఉండాదా?"

"లేదు."

"మన ఊరు క్యాతగానచెర్లు ఉండాదా?"

"లేదు."

"మరి? వాళ్లు తినేది బ్రెడ్డు మధ్యలో పెట్టిన మాంసం. ఫ్యాక్టరీలో జేసేది. నేను జేసేది నా చేత్తో. కోసేది అర్పిత. దానికీ దీనికీ ఏంది సంబంధం?"

"సాసు ఎవరు జేసినారు?"

హనుమేశ్ తండ్రి వంక చూశాడు.

"సీసా మీద సన్నగా రాసింటారే, ఎప్పుడన్నా సదివినావా?"

"సదివితే నాకర్థమయితాదా? నీకర్థమయితాదా?"

"నాకు గాదు. అందుకే వద్దంటాండా."

"గోబీలో రంగు వెయ్యొద్దని సర్కారు చెప్పినాంక ఆపేసినా. ఇంకేం జెయ్యమంటావ్ నన్ను? మొన్నటిదాకా దినామూ బండి కాడ కూచోని తిన్నిందెవరు? కారం తక్కువైందని ఇంకో ప్లేటు చేయించుకుంటివే! అప్పుడది విషం గాదా?"

"అప్పుడు నాకు తెలీదు గదరా."

దూరంగా పలకలు కడిగే ట్యాంకరు రోడ్డు మీద పోతున్న చప్పుడు వినిపించింది.

"నేను నిన్ననలేదు," అన్నాడు వెంకటేశప్ప. "సినిమా చూపించినా, అంతే."

"కన్నకొడుకు బండి కాడ నిలబడి చూపించినావు, నాయినా."

అర్పిత తలుపు పక్కనే నిలబడి ఉంది. కోడలుగా వచ్చినప్పటి నుంచి మామకు ఎదురు చెప్పి ఎరగదు. ఇప్పుడు గొంతు సవరించుకుంది.

"మామా, ఈ పొద్దు గూడా బండి పోకపోతే ఆ జాగాలో వేరేవాళ్లు పెట్టేస్తారు. పక్కూరు నాగలమడికవాళ్లు కాచుకోనే ఉండారు. ఆ జాగా పోతే మేమేం జెయ్యల్ల? పోయి పలకలు కడగల్లా?"

వెంకటేశప్ప కోడలి వైపు చూసి తల దించుకున్నాడు.

తిప్పమ్మకు ఎటు మొగ్గాలో తెలియలేదు. సినిమా అబద్ధమైతే కొడుకు బండి నిలబడుతుంది, మొగుడు మళ్లీ గోబీకి కూర్చుంటాడు. నిజమైతే మొగుడు బాగుపడతాడు, కొడుకు ఊరి జనానికి ఏం పెడుతున్నట్టు? రెండూ తన ఇంట్లోవే. ఏది నిజం కావాలని దేవుణ్ని అడగాలో కూడా ఆమెకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం బస్సుకు శిల్పశ్రీ దిగింది. పొద్దున తల్లి ఫోనులో ఏడ్చిన ఏడుపుకు కాలేజీ మాని వచ్చేసింది. భుజం మీద బ్యాగు దించకుండానే నాయన ముందు చతికిలబడింది.

"నాయినా, నేను చెప్పింది గోబీ తగ్గించమని. అన్నం మానమని గాదు."

"నువ్వు చెప్పలేదు పాపా. సినిమా చెప్పింది."

"ఆ సినిమా అంతా నిజం గాదు."

వెంకటేశప్ప మొదటిసారి నిటారుగా కూర్చున్నాడు. హనుమేశ్ గుమ్మంలో ఆగిపోయాడు. తిప్పమ్మ గుండె ఒక్కసారి తేలికైనట్టయింది, ఎందుకో వెంటనే బరువెక్కింది కూడా.

"నిజం గాందే నాకెందుకు పంపినావు?"

"అప్పుడు నాకూ నిజమే అనిపించింది. నిన్న ఇంకోటి చూసినా. చూడు." శిల్పశ్రీ ఫోను తీసింది. కళ్లజోడు పెట్టుకున్న ఒక ఆడమనిషి, డాక్టరట, కన్నడంలో గబగబా మాట్లాడుతోంది. మొదటి సినిమాలో భయపెట్టడం ఎక్కువ, లెక్క తక్కువ అంది. ఒక్క తిండి వల్ల జబ్బు రాదు, ఎంత తింటున్నాం, ఎంత కదులుతున్నాం అన్నది చూడాలంది. ఆఖరున, ఆ సినిమా తీయడానికి డబ్బు పెట్టింది డబ్బాల్లో ఆరోగ్యం పొడి అమ్మే కంపెనీ అంది.

"విన్నావా?" హనుమేశ్ గొంతు లేచింది. "పొడి అమ్ముకునేకి తీసినారంట! నా బండి మీద పడి ఏడ్చి, వాళ్ల డబ్బా అమ్ముకుంటాండారు!"

వెంకటేశప్ప ఆ ఫోను తీసుకుని, తెర మీద ఆగిపోయిన ఆ డాక్టరమ్మ ముఖాన్ని చూశాడు.

"ఈమెకెవరు డబ్బు పెట్టినారు?"

"ఈమెకా?" శిల్పశ్రీ తడబడింది. "తెలీదు నాయినా. పెట్టలేదనుకుంటా."

"అనుకుంటావు. దానికీ అట్లే అనుకొని పంపితివి." నిష్ఠూరంగా అనలేదు ఆ మాట. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నవాడిలా ఉన్నాడు. "అది చెప్పేది వింటే అది నిజమనిపిస్తాది. ఇది చెప్పేది వింటే ఇది నిజమనిపిస్తాది. ముందర విన్నిందాన్ని పట్టుకోవల్లా, ఎనక విన్నిందాన్నా? సదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

శిల్పశ్రీ తల్లి వైపు చూసింది. తిప్పమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమట లేకపోయినా.

"సరే, అదంతా ఇడిసిపెట్టు," అంది కూతురు చివరికి. "ముందర ఇంత ముద్ద తిను. తిన్నాంక షుగరు మాత్ర మింగు. పస్తు కడుపుతో మింగితే కండ్లు తిరుగుతాయి."

"మాత్రలు ఆపేసినా."

వినపడనట్టు అందరూ ఆయన వైపు చూశారు.

"ఎప్పుడు?" అంది తిప్పమ్మ.

"సినిమా చూసిన మర్నాటి నుంచి."

తిప్పమ్మకు ఈ వారం రోజులూ కళ్ల ముందు తిరిగాయి. పొద్దస్తమానం దప్పిక దప్పిక అనేవాడు. పెరట్లోకి మాటిమాటికీ పోయేవాడు. చక్కెర మానిన నీరసం అనుకుంది తను.

"మాత్రలు ఆపమని యాడుండాది?" శిల్పశ్రీ దాదాపు అరిచింది. "తిండి గురించి తీసిన సినిమా అది. మాత్రల మాటే లేదు దాంట్లో!"

"ఉండాది. ఆఖర్న."

"లేదు!"

"పెట్టు మరి. పెట్టి చూపించు."

ఆ పిల్ల ఫోను తీసుకుని మొదటి సినిమా చివరికి జరిపింది. తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన తోటలో నడుస్తూ మాట్లాడుతున్నాడు. ఆయన వెనక చెట్ల నిండా పండ్లు. కన్నడ గొంతు నెమ్మదిగా చెప్పింది: "మాత్రలు మీ జబ్బును మాన్పవు, దాచిపెడతాయి. మీ పళ్లెం మారితే మాత్రతో మీకు పనేముంది?"

శిల్పశ్రీ ఆపింది. వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. అదే మాట వచ్చింది.

"అంటే... ఆపమని గాదు నాయినా ఆయన చెప్పేది. పళ్లెం మారితే..."

"మారిస్తిని గదా."

శిల్పశ్రీ ఫోను ఒళ్లో పెట్టుకుంది. "నేను ఈడిదాకా చూడలేదు," అంది చిన్నగా. "సగం చూసినా. ఆ పిల్లోనికి సూది ఏసేది చూసి, నువ్వే గుర్తొచ్చినావు. వెంటనే పంపేసినా."

సగం తను చూసింది, సగం కూతురు చూసింది అనుకుంది తిప్పమ్మ. కొడుకైతే అసలు చూడనే లేదు, చూడకుండానే తిడుతున్నాడు. ఆఖరిదాకా చూసింది ఈ ఇంట్లో మొగుడొక్కడే. ఆయన్ని పట్టుకుని అందరూ తప్పు తప్పు అంటున్నారు.

"నీకెందుకు అంత నమ్మకం కుదిరింది అదంటే?" అని అడిగింది ఆయన పక్కన కూర్చుంటూ. ఇన్ని రోజులుగా ఈ ప్రశ్న ఎవరూ అడగలేదని అడిగాకే ఆమెకు తోచింది.

వెంకటేశప్ప ఆమె వైపు తిరిగాడు.

"దాంట్లో ఒక ముసలాయప్ప ఉండాడు. రైతు. చేను ఇచ్చేసినాడు ఎవరికో. ఆ చేను మింద ఫ్యాక్టరీ లేసింది. ఆయప్ప కంచె బయట నిలబడి, నేను పండించిందే నేను తినేవాణ్ని, ఇప్పుడు నాకు పెట్టేదెవరో నాకు తెలీదు అన్నాడు. తెల్లోడే. భాష తెలీదు. కానీ ఆయప్ప ముఖం చూస్తే..." ఆగిపోయాడు. "ఆ ముఖం అబద్ధం చెప్పదు, తిప్పీ."

పెళ్లయిన కొత్తలో తప్ప ఆ పేరుతో పిలవలేదాయన. ఆయప్ప అబద్ధం చెప్పకపోవచ్చు. అంతమాత్రాన గడ్డం ఆయన చెప్పింది నిజమవుతుందా? ఇద్దరూ ఒకే సినిమాలో ఉన్నారు. ఒకరిని నమ్మి ఒకరిని వదిలేయడం ఎట్లా?

శిల్పశ్రీ లోపలికి పోయి మాత్ర తెచ్చింది. "నాయినా, నీ కాళ్లు పట్టుకుంటా. ముద్ద తిని ఇది మింగు. రేపు పావగడ ఆస్పత్రికి పోదాం. ఆ సినిమా గురించి ఆడి డాక్టరమ్మనే అడుగుదాం."

వెంకటేశప్ప మాత్రను అరచేతిలోకి తీసుకున్నాడు. నోటి దగ్గరికి పోలేదు చెయ్యి. కొడుకు వైపు తిరిగింది ఆయన చూపు.

"హనుమా, సినిమా అబద్ధమంటావు గదా?"

"అబద్ధమే."

"అయితే గోబీ చెయ్. నా ముందర కూచోని ఒక ప్లేటు తిను. నువ్వు తింటే నేను ముద్ద తింటా, మాత్ర మింగుతా. ఇంక ఆ సినిమా మాటెత్తను. బండి కాడికీ రాను."

"ఇంతేనా?" హనుమేశ్ నవ్వాడు. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు. "ఒకటి గాదు, రెండు తింటా."

బండి మీది పట్ట లాగేశాడు. బాండ్లి తోమించాడు. కొత్త నూనె ప్యాకెట్టు అందరికీ కనపడేలా కత్తిరించి పోశాడు. అర్పిత పొద్దున తెచ్చిన గోబీ పువ్వును ఉప్పునీళ్లలో కడిగి తుంచి ఇచ్చింది. పిండిలో ముంచి నూనెలో వేస్తుంటే చిటపటమంటూ వాసన వసారా అంతా కమ్ముకుంది. తిప్పమ్మ నోట్లో నీళ్లూరాయి. ఊరినందుకు ఆమెకే సిగ్గేసింది.

"సాసు కొంచెమే ఏస్తా," అన్నాడు హనుమేశ్.

"దినామూ ఎట్ల జేస్తావో అట్లే జెయ్," అన్నాడు తండ్రి.

హనుమేశ్ మారు మాట్లాడకుండా మామూలుగానే సాసు పోశాడు. ఉల్లిపాయలు చల్లి, ప్లేటు తీసుకొచ్చి తండ్రికి ఎదురుగా కూర్చున్నాడు. పొగలు లేస్తున్నాయి. చంచాతో ఒక ముక్క తీశాడు. ఊదాడు. మళ్లీ ఊదాడు.

"ఏమ్‌రా, ఇంగా వేడుండాదా?"

"ఉండు నాయినా."

అప్పుడు అర్పిత, మామూలు మాటలాగే, "ఆయన తినరు మామా," అంది. "బండి పెట్టినప్పటినుంచీ నేనొక్కసారి గూడా చూడలేదు."

హనుమేశ్ చటుక్కున తిరిగాడు. "పొద్దంతా ఆ పొగ మింగి మింగి నాకు తినబుద్ధి గాదు. అంతే. మిఠాయంగడోడు మిఠాయి తింటాడా?"

"అంతే!" అన్నాడు మళ్లీ, ఇంకొంచెం గట్టిగా.

నిజమే కావచ్చు. రోజంతా వంటింట్లో ఉంటే తనకూ ఆకలి చస్తుందని తిప్పమ్మకు తెలుసు. కాకపోనూ వచ్చు. కొడుకు ముఖంలో వెతికింది. చిన్నప్పుడు అబద్ధం చెబితే వాడి చెవులు ఎర్రబడేవి. ఇప్పుడు స్టవ్వు వేడికి ముఖమంతా ఎర్రగానే ఉంది.

వెంకటేశప్ప మాత్రను వేళ్ల మధ్య పట్టుకుని కొడుకు నోటి వైపే చూస్తున్నాడు.

హనుమేశ్ చంచా ఎత్తాడు. నోరు తెరిచాడు.

తిప్పమ్మ చెయ్యి ముందుకు పోయి కొడుకు మణికట్టు పట్టుకుంది.

"వద్దు," అంది.

ముక్క జారి ప్లేటులో పడింది. హనుమేశ్ అమ్మను తెల్లబోయి చూశాడు. శిల్పశ్రీ, అర్పిత ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. కొత్త నూనె, కడిగిన పువ్వు, అన్నీ ఆమె కళ్ల ముందే జరిగాయి. ఆ ప్లేటులో తప్పేముందని అడిగితే ఆమె చెప్పగలిగేది కాదు. అయినా చెయ్యి వదలలేకపోయింది.

వెంకటేశప్ప మాత్రను పళ్లెం పక్కన అరుగు మీద పెట్టేశాడు.

"ఏమే," అన్నాడు, గొంతులో గెలిచిన జాడ కొంచెం కూడా లేకుండా. "నీకేం తెల్సని వద్దంటివి?"